గుర్రాలవాగు వంతెన పతనోత్సవం

ముప్పయ్యొక్కేళ్ళ సర్వీసులో వేదాద్రి ఏ ఫైలు మీదా "సరే" అని రాయలేదు, "వద్దు" అనీ రాయలేదు. "తప్పదు" అని రాసేవాడు. గోదాములో ఎలుకలు పడ్డాయని ఫైలొస్తే "తప్పదు". గుమాస్తా మేనత్త కొడుకు పెళ్ళికి సెలవడిగితే "తప్పదు". ఇంతకీ సెలవు ఇవ్వమనా, మానమనా అని పై అధికారి నిలదీస్తే చేతులు కట్టుకుని, "ఏదైనా తప్పదు కదండీ" అనేవాడు. తూనికలు, కొలతల శాఖలో అతన్ని చూసి నవ్వుకోని బంట్రోతు లేడు. అలాంటివాడికి రిటైర్మెంటు రెండేళ్ళుందనగా ప్రమోషన్ వచ్చింది. ఆ శాఖలో కాదు, అప్పుడే పుట్టిన ఇంకో శాఖలో.

ఆ శాఖ పుట్టిన వైనం చెప్పాలి. ఆ ఏడాది మంత్రులకూ కార్యదర్శులకూ జ్ఞానం కలిగించాలని ప్రభుత్వం ఒక పండితుణ్ణి పిలిపించి ఉపన్యాసం పెట్టించింది. ఆయన శాస్త్రాల చరిత్ర చదువుకున్నవాడు. "ఆవిరియంత్రం కనిపెట్టినాయన ఉయ్యాల్లోనే పోయాడనుకోండి. పక్క వీధిలో ఇంకొకాయన కనిపెట్టేవాడు. కాలం పండాలి. పండిందంటే కాయ రాలక మానదు" అని గంటసేపు చెప్పాడు. ముందు వరసలో నిద్రపోతున్న పెద్ద కార్యదర్శి సరిగ్గా ఆ చివరి మాటకి లేచాడు.

"అంటే రావలసింది ఎలాగూ వస్తుందన్నమాట."

"ఒక వాదం ప్రకారం వస్తుందండీ."

"పోవలసింది పోతుంది."

"ఆ వాదమే నిజమైతే పోతుంది. అయితే దీనికి గట్టి ఎదురువాదం ఉంది. అది రెండో గంటలో..."

"మరి మధ్యలో మనం దేనికండీ ఇంత ఆయాసపడడం?" అన్నాడు కార్యదర్శి. హాలంతా చప్పట్లు కొట్టింది. అంతలో వేడి వేడి పకోడీలు వచ్చాయి. రెండో గంట ఇక జరగలేదు.

నెల తిరిగేసరికి జీవో వచ్చింది. దాని పేరు రాష్ట్ర అనివార్యతా నిర్ధారణ మండలి. ఏ శాఖ ఏ పని చెయ్యబోయినా, దాని ఫలితం అనివార్యమా కాదా అని ముందుగా మండలి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అనివార్యమైతే అది దానంతటదే జరుగుతుంది కనక ఆ పని చెయ్యనక్కర్లేదు. అనివార్యం కాకపోతే, జరుగుతుందో లేదో తెలియనిదాని మీద ప్రజాధనం పెట్టకూడదు కనక చెయ్యనే కూడదు. ఇలాంటి మండలికి అనుభవజ్ఞులు కావాలని వెతికితే, రాష్ట్రం మొత్తంలో ముప్పయ్యొక్కేళ్ళు ఒకే మాట మీద నిలబడ్డ మనిషి ఒక్కడే దొరికాడు.

మండలి డైరెక్టరు పేరు అప్రమేయం. జీవితమంతా స్టెనోలకు డిక్టేషన్ చెప్పి చెప్పి ఆయనకు మాటల మధ్య కామాలూ ఫుల్‌స్టాపులూ పైకే అనడం అలవాటైపోయింది.

"రండి వేదాద్రిగారూ కామా కూర్చోండి ఫుల్‌స్టాప్" అన్నాడు మొదటిరోజు. "ఇన్నాళ్ళూ మీ ప్రతిభను ఈ ప్రభుత్వం గుర్తించలేదు."

వేదాద్రికి కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళి భార్య రాజ్యానికి చెబితే ఆవిడ, "ఇంట్లో పంపు కారుతోందని ఏడాదిగా మొత్తుకుంటుంటే మీరన్న మాటకి ఉద్యోగమిచ్చారా? నేను బకెట్ పెట్టుకున్నాను, నాకేమిచ్చారు?" అంది.

మొదటి వారం, బట్టకి అద్దితే దోమలు కుట్టని రంగు మీద పరిశోధన చేస్తున్న ఒక శాస్త్రవేత్త వచ్చింది. పన్నెండు గాజుసీసాలు కావాలని ఆమె అర్జీ.

"మీరు కనిపెట్టకపోతే ఈ రంగు ఇంకెవరైనా కనిపెడతారా?" అని అడిగాడు అప్రమేయం.

ఆమె నిజాయితీపరురాలు. "ఎప్పటికైనా ఎవరో ఒకరు కనిపెడతారండీ" అంది.

"అయితే మీకు సీసాలెందుకు?"

ఆమె తడబడి, "లేదండీ, నేను తప్ప ఎవరూ కనిపెట్టలేరు" అంది.

"లోకంలో ఎవరివల్లా కానిది మీవల్ల మాత్రం ఎలా అవుతుంది? సీసాలు నిరాకరించడమైనది ఫుల్‌స్టాప్." ఆ క్షణంలోనే ఒక దోమ ఆయన మెడ మీద కుట్టింది. దాన్ని కొట్టలేదాయన. నమూనా పత్రం తీసి దానికీ ఒక ధ్రువపత్రం రాసుకున్నాడు.

తరవాత ధ్రువపత్రాలు జాతర్లో జీళ్ళలా పోయాయి. ఆరు గంటల బస్సు ఏడింటికి రావడం అనివార్యమని తేలాక డ్రైవరు నిశ్చింతగా ఎనిమిదింటికి రావడం మొదలుపెట్టాడు. ఒక హెడ్మాస్టరు తన బడిలో ఏడుగురు పదో తరగతి తప్పడం అనివార్యమని పరీక్షలకు ముందే పత్రం తెచ్చుకున్నాడు. ఆరుగురు హాయిగా తప్పారు. ఏడో పిల్ల రోషం కొద్దీ చదివి పాసైంది. ప్రభుత్వ నిర్ధారణను ధిక్కరించినందుకు ఆ పిల్లకి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. నోటీసు మీద సంతకం పెట్టేటప్పుడు వేదాద్రికి ఎక్కడో చిన్న ముల్లులా గుచ్చుకుంది కాని, కాఫీ వేళవడంతో మరిచిపోయాడు.

జూలైలో నీలిపాడు నుంచి ఫైలొచ్చింది. నీలిపాడు పక్కన గుర్రాలవాగు పారుతుంది. ఊరు ఈ ఒడ్డున. ఆస్పత్రీ, హైస్కూలూ, రైల్వే స్టేషనూ ఆ ఒడ్డున. మధ్యలో అయిదు స్తంభాల పాత వంతెన. మూడో స్తంభం అడుగున ఇసక కొట్టుకుపోయి పునాది బయటపడిందనీ, చుట్టూ బండరాళ్ళు దింపి కాంక్రీటు పోస్తే వారంలో గట్టిపడుతుందనీ, ఆగస్టు వరద లోపల చెయ్యకపోతే వంతెన పడిపోతుందనీ అసిస్టెంటు ఇంజనీరు శమంతకమణి రాసింది. ఆఖరి మాట కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసింది.

"పడిపోతుందని ఇంజనీరే ఒప్పుకుంది!" అన్నాడు అప్రమేయం. "ఇంత స్పష్టమైన అనివార్యత ఇంతవరకు మన మండలికి తగల్లేదు. మీరు స్వయంగా వెళ్ళి నిర్ధారించి రండి."

శమంతకమణి ముప్పై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు. నెత్తిన టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు. వేదాద్రిని వంతెన కిందికి తీసుకెళ్ళి, మూడో స్తంభం అడుగున ఉన్న గుంటలో తన గొడుగు పెట్టి చూపించింది. గొడుగు పిడి దాకా దిగిపోయింది.

"రాళ్ళేస్తే పడదు సార్. వెయ్యకపోతే పడుతుంది. ఇందులో అనివార్యం ఏముంది?"

వేదాద్రి మండలి కరపత్రంలోని సమాధానం అప్పజెప్పాడు. "మీరు రాళ్ళు వెయ్యరు కనక పడుతుందమ్మా. మేం వెయ్యనివ్వం కనక మీరు వెయ్యరు. నియమం ఒప్పుకోదు కనక మేం వెయ్యనివ్వం. అంచేత అనివార్యం."

ఆమె గొడుగు పైకి లాక్కుని, "మీరు ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా సార్?" అని అడిగి ఒడ్డెక్కి వెళ్ళిపోయింది.

ధ్రువపత్రంలో పడే తేదీ, పడే వేళ, పడే దిక్కు అని మూడు గడులున్నాయి. వేదాద్రి వాటిని ఖాళీగా వదిలేస్తే అప్రమేయం ఫోన్లో మండిపడ్డాడు. "తేదీ లేని అనివార్యత అంటే ముహూర్తం లేని పెళ్ళి!" లాడ్జి గోడకున్న క్యాలెండరు చూసి వేదాద్రి ఆగస్టు పదిహేడు, ఉదయం పది నలభై, తూర్పు అని నింపాడు. అప్రమేయం సంతకం చేసి, ముద్ర కొట్టించి, ఒక ప్రతి వంతెనకే అతికించమన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఒక అనివార్యత చెప్పిన వేళకు కళ్ళముందు జరుగుతుంటే ప్రజలు చూడాలనీ, దానికి పతనోత్సవమని పేరుపెట్టి మంత్రిగారిని పిలవాలనీ తీర్మానించాడు. ఏర్పాట్లు చూడడానికి వేదాద్రి నెలరోజులు నీలిపాడులోనే ఉండాలన్నాడు.

మర్నాడు పొద్దున వేదాద్రి బాపమ్మ టిఫిను బండి దగ్గరికి వెళ్ళి పెసరట్టు అడిగాడు. బాపమ్మ యాభై దాటిన మనిషి. పెనం మీద నీళ్ళు చిలకరించి, అట్లకాడ పట్టుకుని నిలబడింది. అట్టు మాత్రం పొయ్యలేదు.

"ఆకలవుతోందమ్మా" అన్నాడు.

"అయిద్ది సారూ. కూకోండి. దానంతటదే తగ్గిద్ది."

"అదేమిటి?"

"ఆకలన్నాక తీరక ఎక్కడికి పోద్ది? మజ్జెలో నేనెందుకు పిండి దండగ చేసుకోటం?" అని పక్కవాడికి రెండట్లు వేసి అల్లంపచ్చడి దండిగా వడ్డించింది. "ఆ పెద్ద కాయితం వంతెనకి కొట్టింది తమరే కదా. మా కోడలు నాగమల్లికి ఆగస్టు మూడో వారంలో కాన్పని చెప్పింది డాట్టరమ్మ. ఆస్పత్రి అవతలొడ్డున ఉంది. పద్దెనిమిదో తారీకున నొప్పులొస్తే నేనెట్టా తీసుకుపోయేదో ఆ కాయితంలో ఎక్కడన్నా రాశారా?"

వేదాద్రి ఆకలితోనే లేచి వచ్చేశాడు.

ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. లాడ్జివాడు గదిలోకి నీళ్ళు పంపడం మానేసి, "వానొస్తది కదండీ" అన్నాడు. సెలూన్‌లో పోలయ్య కుడి చెంపంతా నున్నగా గీసి, ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి కత్తి మడిచి పెట్టేశాడు.

"రెండోది?"

"పెరిగాక దానంతటదే ఊడిపోద్దిలెండి."

సగం గడ్డంతో, ఖాళీ కడుపుతో వేదాద్రి కోపంగా వాగు ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. ఈ మనుషులకు ప్రభుత్వ నియమాలంటే లెక్కలేదని గొణుక్కున్నాడు. వంతెన మీద జనం పోతున్నారు. చూస్తూ చూస్తూ ఉండగా ఒక సంగతి కనిపించింది. మొదట్లో మామూలుగా నడుచుకుంటూ వచ్చినవాళ్ళు మూడో స్తంభం దగ్గరికి రాగానే మాటలాపుతున్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటున్నారు. నిద్రపోయే పిల్లాడి పక్కనుంచి పోయినట్టు మునివేళ్ళ మీద నడిచి, దాటాక మళ్ళీ చెప్పులేసుకుని మాటలు కలుపుతున్నారు. నిండు కడుపుతో ఉన్న ఒక పిల్ల కూడా వచ్చింది. నాగమల్లే అయ్యుంటుంది. ఆ చోటుకి రాగానే ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నాలుగు అడుగులు వేసింది. దాటాక ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి స్తంభానికి దండం పెట్టింది.

తను రాసిన మాటకి ఒక మనిషి అలా నడుస్తుందని వేదాద్రికి ఇన్నేళ్ళలో తట్టలేదు. అతని మాటలన్నీ ఇన్నాళ్ళూ బీరువాలోకి పోయేవి. ఇది మాత్రం వాగు మీద నిలబడి ఉంది.

అతను నేరుగా శమంతకమణి ఆఫీసుకు పోయాడు. ఆమె అతని గడ్డం చూసి నవ్వాపుకుంది.

"వారంలో అవుతుందని రాశారు. ఇప్పుడు మొదలెట్టినా అవుతుందా?"

"క్వారీలో రాళ్ళు కొట్టి సిద్ధంగా ఉన్నాయి సార్. మనుషులున్నారు. లేనిది కాయితమే."

"బాగుచెయ్యడానికి కాయితం రాదు. నియమం తొమ్మిది ఒప్పుకోదు" అని వేదాద్రి మండలి నియమావళి పుస్తకం బల్ల మీద పెట్టాడు. "ఇంకేదైనా దారుందేమో వెతుకుదాం. ఈ పుస్తకం మొత్తం ఇంతవరకు ఎవరూ చదవలేదు. రాసినవాళ్ళు కూడా."

మధ్యాహ్నమంతా ఇద్దరూ చెరో సగం చదివారు. నాలుగింటికి శమంతకమణి ఒక పేజీ మీద వేలు పెట్టింది. నియమం ఇరవై రెండు. "అనివార్య ఘటనను తిలకించ విచ్చేయు ప్రముఖుల నిమిత్తం సముచిత వేదిక నిర్మించవలెను. వేదిక కొలతలు, సామగ్రి, పునాది లోతు స్థానిక ఇంజనీరు విచక్షణకు వదిలివేయడమైనది."

వేదాద్రి ఆ నియమం ఇంకోసారి చదివాడు.

"వేదిక రాతితో కట్టొచ్చా?" అన్నాడు వేదాద్రి నెమ్మదిగా.

"నా విచక్షణ సార్."

"స్తంభానికి ఆనించి?"

"చుట్టూ కట్టొచ్చు. బలంగా ఉంటుంది."

మంజూరు పత్రం మీద వేదాద్రి సంతకం పెట్టాడు. ముప్పయ్యొక్కేళ్ళలో ఒక పని జరగాలని కోరి అతను పెట్టిన మొదటి సంతకం అదే. భయమేసింది. రెండేళ్ళలో రావలసిన పెన్షనూ, రాజ్యం మొహమూ, అప్రమేయం ఫుల్‌స్టాపులూ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. సంతకం కింద గీత కొంచెం వంకర పోయింది.

అప్రమేయానికి ఫోను చేశాడు.

"వేదిక ఎంత దగ్గర క్వశ్చన్‌మార్క్."

"స్తంభానికి ఆనుకునే సార్. మంత్రిగారు చెయ్యి చాపితే పతనం తగలాలి."

"మీద పడదూ?"

"పడే దిక్కు తూర్పని తమరే సంతకం చేశారు సార్. వేదిక ముందుభాగం పడమటికి పెడుతున్నాం."

"అవునవును. మరి పునాది అంత లోతెందుకు?"

"మంత్రిగారితో పాటు తమరూ ఎక్కుతారు కదా సార్. హోదాకు తగ్గ బరువుంటుంది."

అప్రమేయం సంతోషించి, ఇంకో రెండడుగులు లోతు పెంచమన్నాడు.

పని మొదలైన రోజు వేదిక అన్న మాట విని ఊరు మొదట బూతులు తిట్టింది. పునాది చూశాక మాట్లాడ్డం మానేసి పలుగూ పారా తెచ్చుకుంది. బండరాళ్ళు దింపారు, ఇనుప చువ్వలు కట్టారు, స్తంభం నడుం దాకా కాంక్రీటు పోశారు. మూడో రోజున బాపమ్మ గిన్నెనిండా ఇడ్లీలు మోసుకొచ్చి వేదాద్రి ముందు పెట్టింది. "తినండి సారూ. కడుపు దానంతటదే నిండదు" అంది. ఆ సాయంత్రం పోలయ్య కత్తీ నురగా పట్టుకుని వాగు ఒడ్డుకే వచ్చి రెండో చెంప గీసి పోయాడు.

ఆగస్టు పద్నాలుగున వానలు పట్టుకున్నాయి. పదహారుకి వాగు ఎర్రమట్టి రంగుతో ఒడ్డులొరుసుకుంటూ వచ్చింది. పదిహేడు పొద్దున షామియానా వేసి, వంతెన మొదట్లో రిబ్బను కట్టారు. బ్యాండు మేళం వచ్చింది. నల్లరాతి ఫలకం మీద "ఈ వంతెన పతనాన్ని గౌరవ మంత్రివర్యులు తమ అమృతహస్తాలతో ప్రారంభించిరి" అని బంగారు అక్షరాలు చెక్కించారు. వేదిక మీదికి బల్లచెక్కలు వేశారు కాని, కింద వరద హోరు విని మంత్రిగారు ఒడ్డునే ఉంటానన్నారు.

"మన పూర్వీకులు వంతెనలు కట్టిరి" అని అప్రమేయం ప్రసంగించాడు. "కట్టుట ఎవరైనా చేయగలరు. పడుట యెడల ఇంతటి క్రమశిక్షణ చూపిన ప్రభుత్వము మరొకటి లేదు ఫుల్‌స్టాప్."

పది నలభైకి మంత్రిగారు పచ్చజెండా ఊపారు. బ్యాండు మోగింది. అందరూ తూర్పుకి చూశారు. వరద మూడో స్తంభాన్ని ఢీకొని, కొత్త రాతిగట్టు మీద రెండుపాయలుగా చీలి, నురగ కక్కుతూ పోయింది. వంతెన కదల్లేదు. పది నలభై ఒకటి. బ్యాండువాళ్ళు పాట మొదటికి తిప్పారు. పది నలభై అయిదు. మంత్రిగారు జెండా ఇంకోసారి ఊపారు. వేదాద్రి మాత్రం తూర్పుకి కాక స్తంభం అడుక్కి చూస్తున్నాడు. రాళ్ళు సరిపోయాయో లేదో, కాంక్రీటు గట్టిపడిందో లేదో అతనికేం తెలుసు? అతను శమంతకమణి వైపు చూశాడు. ఆమె పెదవులు కదుపుతూ ఏవో లెక్కలు వేసుకుంటోంది.

అప్పుడొక ఆటో హారను కొట్టుకుంటూ జనంలోకి దూసుకొచ్చింది. లోపల నాగమల్లి కేకలు పెడుతోంది. ముందు సీట్లో సగం బయటికి వేలాడుతూ బాపమ్మ.

"జరగండి! జరగండయ్యా! నొప్పులొస్తన్నయి!"

"ఆపండి!" అని అరిచాడు అప్రమేయం. "అది పడిపోబోవు వంతెన!"

"పడితే పడిద్ది, నా మనవడు మాత్రం ఆగడు!"

ఆటో రిబ్బను తెంపుకుని వంతెనెక్కింది. బ్యాండు ఆగిపోయింది. మొదటి స్తంభం దాటింది, రెండోది దాటింది. మూడో స్తంభం మీదికి వచ్చేసరికి వేదాద్రి కళ్ళు మూసుకున్నాడు. చెవిలో వరద హోరు తప్ప ఏమీ లేదు. శమంతకమణి అతని చెయ్యి పట్టి గుంజి, "చూడండి సార్!" అంది. ఆటో అవతలి ఒడ్డున ఆస్పత్రి మలుపు తిరుగుతోంది. పదకొండూ అయిదుకి నాగమల్లికి ఆడపిల్ల పుట్టింది.

ఇవతల షామియానా కింద మంత్రిగారు అప్రమేయం వైపు తిరిగారు. అప్రమేయం లేచి, కండువా సర్దుకున్నాడు.

"అనివార్యమైనది జరగకపోవుట అసాధ్యం. అసాధ్యమైనది జరగదు. కావున వంతెన పడినది. కళ్ళు చూచుచున్నది కేవలం కళ్ళ సమస్య."

మంత్రిగారు బరువెక్కిన హృదయంతో పడిపోయిన వంతెనకు రెండు నిమిషాలు మౌనం పాటించి, కారెక్కి వెళ్ళిపోయారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. గుర్రాలవాగు వంతెన ఆగస్టు పదిహేడు ఉదయం పది నలభైకి తూర్పు దిక్కుగా పడిపోయినది. వంతెన లేని చోట ప్రజలు వాగులో పడకుండా యాకోబు అనే హోంగార్డుని కాపలా పెట్టారు. ఆ మర్నాటినుంచీ యాకోబు పాపం వంతెన నడిబొడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని, "ఇక్కడ వంతెన లేదు, జాగర్తగా దాటండి" అని హెచ్చరించేవాడు. పైగా ఒక పడవని మంజూరు చేశారు. దాన్ని వంతెన నీడలో కట్టేశారు. ఎండకు మేకలు అందులో పడుకునేవి.

అక్టోబరులో అప్రమేయం విచారణకు వచ్చాడు. వంతెన లేదని తనే రాశాడు కనక స్టేషనులో దిగి వంతెన మీదుగా రాకుండా, తొంభై కిలోమీటర్లు చుట్టు తిరిగి కార్లో వచ్చాడు. విచారణ తేలేదాకా ఊరు కదలొద్దని ఉంచిన వేదాద్రిని ఎదురుగా నిలబెట్టాడు. సాక్షిగా శమంతకమణి కూర్చుంది.

"వేదిక నెపంతో రాళ్ళు వేయించి కామా అనివార్యతను మీరు అడ్డుకున్నారని అభియోగం. ఏమంటారు?"

వేదాద్రి చేతులు కట్టుకోలేదు. "అడ్డుకుంటే ఆగిపోయేది అనివార్యం కాదు కదండీ. అప్పుడు ధ్రువపత్రం తప్పు. దాని మీద సంతకం తమరిది."

అప్రమేయం గొంతు సవరించుకున్నాడు. "అయితే మీరు అడ్డుకోలేదని రాసుకుంటాను."

"అలా అయితే నా మీద విచారణెందుకు సార్? అదీగాక వంతెన పడిపోయిందని తమరి ఉత్తర్వే ఉంది. పడిపోయినదాన్ని పడకుండా ఆపానని నన్నెలా శిక్షిస్తారు?"

అప్రమేయం కలం ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. "కామా" అన్నాడు. చాలాసేపటికి మళ్ళీ "కామా" అన్నాడు. ఆ వాక్యం ఎక్కడ ముగించాలో ఆయనకి తెలియలేదు. ఫైలు మూసి, డ్రైవరుని పిలిచాడు.

డ్రైవరు వచ్చి చెప్పిన వార్త ఏమిటంటే, పైనెక్కడో కురిసిన వానకి చుట్టుదారి రోడ్డు తెగిపోయింది. రైలు ఇంకో అరగంటలో ఉంది. మర్నాడు పెద్ద కార్యదర్శి ఎదుట ఆయన హాజరు కావలసి ఉంది.

అప్రమేయం వాగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పడవలో మేకలున్నాయి. వాగు పోటు మీద ఉంది, ఆ పోటులో పడవ కాగితం ముక్కే. ఎదురుగా వంతెన మీద పాలక్యాన్ల సైకిళ్ళూ, బడిపిల్లలూ, గడ్డిమోపు బండీ పోతున్నాయి. యాకోబు లేచి సెల్యూట్ చేసి, "ఇక్కడ వంతెన లేదండయ్యా" అన్నాడు.

"తెలుసయ్యా! ఆ ఉత్తర్వు నాదే" అని కసురుకుని, అప్రమేయం వేదాద్రి వైపు తిరిగాడు. ఆయన గొంతులో మొదటిసారి బతిమాలడం వినిపించింది. "ఇప్పుడెలాగండీ?"

వేదాద్రికి ఆయన్ని చూస్తే నవ్వొచ్చింది, జాలేసింది కూడా. "ఉంది అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది సార్."

"రాస్తే నేనుండను. వంతెనొక్కటే ఉంటుంది."

అప్రమేయం బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. కాంక్రీటు మీద బూట్ల చప్పుడైతే సాక్ష్యమవుతుందని ఆయన భయం. తరవాత గట్టిగా కళ్ళు మూసుకుని చెయ్యి ముందుకు చాపాడు. వేదాద్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ నడిచారు. ఎదురొచ్చిన గడ్డిబండి పక్కకి తప్పుకుంది. సంతకు పోతున్న ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మూడో స్తంభం మీదికి రాగానే అప్రమేయం అరికాలితో నేలని రెండుసార్లు మెల్లగా తట్టి చూశాడు.

"గట్టిగా ఉందే" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అవునండీ."

"వాన నీళ్ళు నిలవకుండా వాలు పెట్టారా?"

"పెట్టారండీ. శమంతకమణిగారే దగ్గరుండి పెట్టించారు."

"బాగుంది" అన్నాడు అప్రమేయం చాలా చిన్న గొంతుతో. ఆ మాట అధికారి అన్నట్టు లేదు. అవతలి ఒడ్డు మట్టి కాలికి తగిలాక కళ్ళు తెరిచి, బూట్లు తొడుక్కుని, కోటు దులుపుకున్నాడు. "పడవ ప్రయాణం సాఫీగా సాగింది" అని పైకి చెప్పి, స్టేషను వైపు వడివడిగా వెళ్ళిపోయాడు.

వేదాద్రి వెనక్కి తిరిగి, వంతెన మధ్యలో యాకోబు కుర్చీ పక్కన కాసేపు నిలబడి వాగుని చూశాడు. కింద నాలుగో స్తంభం దగ్గర, పోటు తగలని ఒడ్డు వైపున, శమంతకమణి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వెదురుగడతో అడుగు తడుముతోంది.

"సార్, ఇక్కడా ఇసక కదులుతోంది" అని అరిచింది. "రాళ్ళు దింపాలి. కాని ఎవర్నడగాలి? లేని వంతెన ఏ శాఖ కిందికీ రాదుగా!"

"ఎవర్నీ అడగక్కర్లేదన్నమాట" అన్నాడు వేదాద్రి. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, చెప్పులు యాకోబుకిచ్చి, ఒడ్డుకి నడిచి గట్టు దిగడం మొదలుపెట్టాడు.